వరద నీళ్లలో ఉన్న నేను ఆప్షన్లు కొన్నానట

2024 సెప్టెంబరు 2, సోమవారం ఉదయం 9 గంటల 47 నిమిషాలకు నేను బ్యాంక్ నిఫ్టీ కాల్ ఆప్షన్లు, అంటే బ్యాంకు షేర్ల సూచీ పెరుగుతుందని కాసే పందెంలాంటివి, కొన్నానని బ్రోకరు కాగితాలు చెబుతున్నాయి. ఆ సమయానికి నేను విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో, ఎదురింటి వాళ్ల రెండో అంతస్తు వరండాలో నిలబడి తాడు కట్టిన బకెట్ కిందికి దింపుతున్నాను, పడవలో వచ్చినవాళ్లు పాల ప్యాకెట్లు వేస్తారేమోనని. మా ఇల్లు అప్పటికే కిటికీల పైదాకా బుడమేరు వాగు నీళ్లలో ఉంది. కరెంటు లేదు. నా ఫోను ముందు రోజు రాత్రే ఆరిపోయింది.

ఆ కాగితాలు తప్పని ఒప్పించడానికి నాకు 107 రోజులు పట్టింది. పూర్తిగా ఒప్పించలేకపోయాను కూడా. ఈ మధ్య తెలిసినవాళ్లు ఫోన్ చేసి "ఎక్కడ రాయాలి, ఎన్నాళ్లు పడుతుంది, వకీలు కావాలా" అని అడుగుతున్నారు. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పలేక ఇది రాస్తున్నాను.

నేను లెక్కల టీచరును. రిటైరైన ఏడాది, 2022లో, షేర్లు కొని దాచుకునే డీమాట్ ఖాతా తెరిచాను. తెరిపించిన అబ్బాయి నా దగ్గర తొమ్మిదో తరగతి చదువుకున్నవాడే. గవర్నర్‌పేటలో చిన్న గది, రెండు కంప్యూటర్లు, తలుపు మీద ఒక పెద్ద బ్రోకరు కంపెనీ బోర్డు. కంపెనీ తరఫున పనిచేసే ఇలాంటివాళ్లను ఊళ్లో అందరూ సబ్ బ్రోకర్ అనే అంటారు. నిజానికి ఆ పేరు 2019తోనే పోయింది, ఇప్పుడు వాళ్లను ఆథరైజ్డ్ పర్సన్ అనాలి. ఈ పేరులో ఏముందిలే అనుకున్నాను గానీ, చివరికి నా డబ్బు తిరిగి రావడంలో దానికీ కొంత పాత్ర ఉంది. అది తర్వాత చెబుతాను.

"టీచర్, టిక్కు పెట్టిన చోటల్లా సంతకం చేయండి, మిగతాది నేను నింపుతాను" అన్నాడు. చేశాను. ముప్పై ఏళ్లు పిల్లలకు "ప్రశ్న పూర్తిగా చదివి జవాబు రాయండి" అని చెప్పిన మనిషిని, ఒక్క పేజీ చదవలేదు. పింఛను పడే బ్యాంకు ఖాతా ఆరు నెలల స్టేట్‌మెంట్ అడిగితే అదీ ఇచ్చాను. అది డెరివేటివ్స్, అంటే ఆప్షన్లలాంటివి, చేసే విభాగం తెరవడానికి కావలసిన ఆదాయ రుజువని రెండేళ్ల తర్వాత తెలిసింది.

ఆగస్టు 28న మావారి మోకాలి ఆపరేషన్ కోసం కొన్ని షేర్లు అమ్మమని ఫోన్ చేశాను. షేర్లు ఖాతా నుంచి కదలాలంటే వాటిని దాచి ఉంచే సంస్థ, డిపాజిటరీ, పంపే ఓటీపీ నేనే కొట్టాలి, కొట్టాను. 2019లో కార్వీ అనే బ్రోకరు కంపెనీ ఖాతాదారుల షేర్లను తాకట్టు పెట్టుకున్న వ్యవహారం బయటపడ్డాక, ఆ తాకట్టు పద్ధతిని షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ మార్చింది. 2020 సెప్టెంబరు నుంచి తాకట్టుకు కూడా మన ఓటీపీ ఉండాలి. అందుకే నా మిగతా షేర్లకు ఏమీ కాలేదు. కానీ అమ్మిన డబ్బు మరుసటి రోజే బ్రోకరు దగ్గర నా పేరున జమ అయింది, 3,42,600 రూపాయలు. షేర్లకు తాళం ఉంది, ఆ నగదుకు లేదు. శుక్రవారం, 30న, "బ్యాంకుకు పంపించు నాయనా" అన్నాను. "సోమవారం వేస్తాను టీచర్" అన్నాడు.

ఆదివారం నీళ్లు వచ్చాయి.

వరద సంగతి ఇక్కడ రాయను. అనుభవించినవాళ్లకు చెప్పనక్కర లేదు, మిగతావాళ్లు టీవీలో చూశారు. మూడు రోజులు ఎదురింటి పైన ఉన్నాం. పడవలు రాని సందుల్లోకి డ్రోన్లతో అన్నం పొట్లాలు వేశారు. 4వ తేదీ సాయంత్రం పడవ ఎక్కి ఫ్లైఓవర్ దగ్గర దిగి, గుంటూరు బ్రాడీపేటలో ఉన్న మా చెల్లెలి ఇంటికి చేరాం. ఆ రాత్రి ఫోను చార్జింగ్ పెట్టగానే అరగంట పాటు మోగుతూనే ఉంది. రెండు వందలకు పైగా సందేశాలు. చుట్టాలవి చదివి జవాబులిచ్చాను. స్టాక్ ఎక్స్ఛేంజీ పేరుతో వచ్చినవి తెరవలేదు. ఏదో ప్రకటన అనుకున్నాను. ఆ నిర్లక్ష్యం ఖరీదు 75,950 రూపాయలు. ఎలాగో చెబుతాను.

7వ తేదీ వినాయక చవితి. పూజ అయ్యాక మా చెల్లెలి కొడుకు, సీఏ ఆర్టికల్స్ చేస్తున్నాడు, "పెద్దమ్మా, ఆపరేషన్ డబ్బు పడిందా, చూడనా?" అని ఫోను తీసుకున్నాడు. వాడి ముఖం మారడం చూశాను. "నువ్వు ఆప్షన్స్ చేస్తావా?" అని అడిగాడు. నాకు ఆ మాటకు అర్థం కూడా సరిగా తెలియదు.

ఐదు రోజుల్లో 46 సార్లు కొనడం, అమ్మడం. 2న 38,250 నష్టం, 3న 61,900, 4న 87,400. 5న 34,650, 6న 41,300. ఆ శుక్రవారం సెన్సెక్స్ వెయ్యి పాయింట్లకు పైగా పడింది, ఆ ఖాతా తెరిపించిన అబ్బాయి ఆ రోజు కూడా పెరుగుతుందనే కొన్నాడు. వీటిపై బ్రోకరేజీ, పన్నులు 29,850. మొత్తం 2,93,350. మిగిలింది 49,250. చవితి ఉండ్రాళ్లు నా గొంతు దిగలేదు. మావారు ఏమీ అనలేదు. మోకాలికి తైలం రాసుకుంటూ "ముందు నిద్రపో" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

9వ తేదీ సోమవారం ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. "టీచర్, మీరే కదా అప్పట్లో మంచి అవకాశం వస్తే చూడమన్నారు" అన్నాడు. ఏ అప్పట్లో? ఎప్పుడో బోనస్ షేర్ల గురించి మాట్లాడుకున్న మాట అది. కాసేపటికి గొంతు తగ్గించి "రెండు నెలలు ఓపిక పట్టండి, మొత్తం రాబడతాను, ఎక్కడా రాయకండి" అన్నాడు. పది నిమిషాల్లో వాట్సాప్‌లో ఒక సందేశం పంపాడు. గత వారం లావాదేవీలన్నీ మీ అనుమతితోనే జరిగాయి, దయచేసి 'ఓకే' అని పెట్టండి అని. కింద రెండు చేతులు జోడించిన బొమ్మ.

నేను ఓకే అని కొట్టబోయాను. నిజం చెబుతున్నాను. నా విద్యార్థి, పెళ్లయినవాడు, ఇద్దరు పిల్లలు. రెండక్షరాలే కదా. పక్కనే ఉన్న మా చెల్లెలి కొడుకు ఫోను లాక్కున్నాడు. ఆ రెండక్షరాలు కొట్టి ఉంటే ఇక్కడ రాయడానికి ఏమీ ఉండేది కాదు.

10వ తేదీన బ్రోకరు కంపెనీకి మెయిల్ రాశాం. అబ్బాయికి కాదు, కంపెనీకి. ఫిర్యాదులకు ప్రత్యేకంగా ఒక మెయిల్ చిరునామా, నిబంధనల అమలు చూసే కంప్లయన్స్ అధికారి పేరు వాళ్ల వెబ్‌సైటు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. నాకైతే నా కష్టమంతా, వరద, మోకాలు, తొమ్మిదో తరగతి, అన్నీ రాయాలనిపించింది. రెండు పేజీలు రాశాను కూడా. మావాడు కొట్టేసి నాలుగు వాక్యాలు మిగిల్చాడు. ఈ లావాదేవీలకు నేను ఆర్డరు ఇవ్వలేదు. ఇచ్చానని మీరంటే ఆధారం పంపండి. మిగిలిన డబ్బు నా బ్యాంకుకు పంపండి. నా ఖాతాలో డెరివేటివ్స్ ఆపండి.

ఆ రెండో వాక్యమే ఈ మొత్తం వ్యవహారానికి ఆయువుపట్టు. 2018 మార్చిలో సెబీ ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఖాతాదారు ఆర్డరు ఇచ్చినట్టు రుజువు బ్రోకరు దగ్గర ఉండాలి: సంతకం చేసిన కాగితమో, ఫోను రికార్డింగో, మెయిలో, సందేశమో, కంప్యూటర్ లాగో. తగాదా వస్తే చూపించాల్సిన భారం బ్రోకరుదే. "నేను ఆర్డరు ఇవ్వలేదు" అని నేనెలా రుజువు చేయాలా అని మూడు రాత్రులు కుమిలిపోయాను. చేయనక్కర లేదని ఆ సర్క్యులర్ చదివి వినిపించాక ఆ రాత్రి నిద్ర పట్టింది.

మిగిలిన 49,250 రెండు రోజుల్లో, 12న, పడింది. అదే రోజు పోలీసుల దగ్గరికీ వెళ్లాం. పాపం వాళ్లు వరద పనుల్లో రెండు వారాలుగా ఇంటిముఖం చూడలేదు. ఓ హెడ్ కానిస్టేబుల్ ఓపిగ్గా విని "అమ్మా, డబ్బు ఆయన జేబులోకి వెళ్లలేదు, మార్కెట్లో పోయింది అంటున్నారు. ఇది మా దగ్గర ముందుకు కదలదు, సెబీకి రాయండి" అన్నాడు. అక్కడ ఒక పూట పోయింది. గవర్నర్‌పేటలో ఒక వకీలును కూడా కలిశాం. నోటీసుకు, ఆ తర్వాతి పనికి కలిపి 25,000 అడిగారు. అవసరం పడలేదు.

17న కంపెనీ జవాబు వచ్చింది. లావాదేవీలన్నీ సవ్యంగానే జరిగాయి, ప్రతి రోజూ కాంట్రాక్ట్ నోట్లు, అంటే ఆ రోజు లావాదేవీల రసీదులు, మీ మెయిల్‌కు పంపాం, మీరు అభ్యంతరం చెప్పలేదు, ఫిర్యాదు ముగిస్తున్నాం. ఆధారం ఊసే లేదు.

కాంట్రాక్ట్ నోట్లా? నాకు ఒక్కటీ రాలేదే. ఖాతా వివరాల పత్రం తెప్పించి చూస్తే మొబైల్ నంబరు నాదే, మెయిల్ చిరునామా మాత్రం నాది కాదు. నా పేరు, పక్కన 1963, చివర జీమెయిల్. నేను పుట్టిన ఏడాది కూడా సరిగ్గా పెట్టాడు. 2022లో ఖాతా తెరిచిన రోజే ఆ చిరునామా సృష్టించి ఫారంలో రాశాడు, కింద నా సంతకం. రెండేళ్లుగా నా కాగితాలన్నీ అతని దగ్గరికే వెళ్తున్నాయి. డబ్బు పోయిందని తెలిసినప్పుడు కూడా నాకు ఇంత కోపం రాలేదు. డబ్బు విషయంలో ఏదో అత్యాశకు పోయాడని సరిపెట్టుకున్నాను. ఇది మొదటి రోజునే, నా ఎదురుగా కూర్చుని, టీ తెప్పించి ఇస్తూ చేసిన పని. మీలో ఎవరికైనా ఇలాంటి ఖాతా ఉంటే ఇప్పుడే ఆ మెయిల్ చిరునామా చూసుకోండి, మిగతాది తర్వాత చదవవచ్చు.

సెప్టెంబరు 19న స్కోర్స్‌లో ఫిర్యాదు పెట్టాం. సెబీ నడిపే ఫిర్యాదుల వేదిక అది. పాన్ నంబరుతో నమోదు చేసుకోవాలి, రుసుము లేదు. సంఘటన జరిగిన ఏడాదిలోపు పెట్టాలి. నేనేమనుకున్నానంటే, ముంబైలో ఒక అధికారి నా ఫిర్యాదు చదివి, బ్రోకరును పిలిచి నిలదీస్తాడని. అలా ఉండదు. ఫిర్యాదు నేరుగా ఆ బ్రోకరు దగ్గరికే వెళ్తుంది. 21 రోజుల్లో అతను జవాబు పెట్టాలి. "దొంగ గురించి దొంగకే చెప్పడమా" అని మావారు నవ్వారు. అయితే తేడా ఏమిటంటే, ఈసారి ఆ జవాబును పైనుంచి ఎక్స్ఛేంజీ చూస్తూ ఉంటుంది, దాని పైనుంచి సెబీ. మామూలు మెయిల్‌కు ఏడు రోజుల్లో నాలుగు ముక్కలు రాసి పంపినవాళ్లు దీనికి ఇరవై రోజులు ఆలోచించి పదకొండు పేజీలు రాశారు.

ఆ ఇరవై రోజులూ మేం మా ఇంటి బురద కడుక్కున్నాం. ఆ నెలాఖరులోనే సెబీ అధ్యయనం ఒకటి పేపర్లలో వచ్చింది, మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ, అంటే ఫ్యూచర్లు, ఆప్షన్లు, చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని. ఆ పేపరు ముక్క కత్తిరించి ఫైలులో పెట్టాను, దేనికో తెలియదు. ఖాతా తెరిచినప్పటి పాత ఫైలు తడిసి ముద్దయిపోయింది. ఎండలో డాబా మీద పరిస్తే పేజీలు అప్పడాల్లా పైకి లేచాయి, అక్షరాలు మాత్రం కనిపించలేదు. కంపెనీ దగ్గర ఉన్న నకలు అడిగి తెప్పించుకున్నాం. అడిగితే ఇవ్వాలి, ఇచ్చారు.

అక్టోబరు 9న వచ్చిన ఆ పదకొండు పేజీల్లో సారం రెండు ముక్కలు. ఒకటి, ఖాతాదారు ఫోన్లో ఆర్డరు ఇచ్చారని ఆ అబ్బాయి సంతకం చేసిన ప్రకటన. రెండు, ప్రతి సాయంత్రం ఎక్స్ఛేంజీ నుంచి ఆమె ఫోనుకు సందేశాలు వెళ్లాయి కదా, ఎందుకు వెంటనే చెప్పలేదు? రికార్డింగ్ లేదు. మొదటిది చదివి నవ్వొచ్చింది. రెండోది చదివి చెమట పట్టింది. 4వ తేదీ రాత్రి నుంచి నా ఫోను పనిచేస్తోంది మరి.

మేమూ ఆధారాలు పోగుచేశాం. ఫోన్ కంపెనీ దుకాణంలో దరఖాస్తు రాసి 50 రూపాయలు కట్టి సెప్టెంబరు నెల నా కాల్స్ పట్టిక తీసుకున్నాను. 1వ తేదీ రాత్రి 8 తర్వాత 4వ తేదీ రాత్రి దాకా ఒక్క కాల్ లేదు. ఆ ఖాళీని ఎర్ర పెన్నుతో చుట్టాను, పాత అలవాటు. వరదలో కింది అంతస్తు మునిగిన ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చిన 25,000 నా ఖాతాలో పడింది. ఆ పాస్‌బుక్ పేజీ జిరాక్స్ తీసి జత చేశాం. మా ఇల్లు మునిగిందనడానికి అంతకంటే గట్టి సర్కారు ముద్ర ఏముంటుంది? ఆ 25,000 కోసం సచివాలయం దగ్గర వరుసలో నిలబడినప్పుడు ఇది ఇలా పనికొస్తుందని ఊహించలేదు.

బ్రోకరు జవాబుతో తృప్తి చెందకపోతే 15 రోజుల్లోపు మొదటి సమీక్ష కోరవచ్చు. కోరకపోతే ఫిర్యాదు ముగిసినట్టే. తేదీ గుర్తు పెట్టుకోవాల్సింది మనమే. 14న కోరాం. ఈ సమీక్ష ఎక్స్ఛేంజీ చేస్తుంది. నాకు ముందునుంచీ దీని మీద నమ్మకం లేదు. బ్రోకరుకు సభ్యత్వం ఇచ్చేది ఎక్స్ఛేంజీ, ప్రతి లావాదేవీ మీద రుసుము తీసుకునేది ఎక్స్ఛేంజీ, తప్పు చేస్తే తనిఖీ చేసేదీ అదే. మేనమామే పరీక్ష పేపరు దిద్దితే ఎలా ఉంటుంది? కానీ అక్కడినుంచి ఫోన్ చేసిన అమ్మాయి నన్ను పెద్దగా ఏమీ అడగలేదు. బ్రోకరుకు ఒకే ప్రశ్న రాసింది, ఫలానా తేదీల ఆర్డరు రికార్డింగులు మూడు రోజుల్లో సమర్పించండి అని. ఆ ప్రశ్న నకలు నాకూ వచ్చింది. నేను నలభై రోజులుగా అడుగుతున్న మాటే. నేనడిగితే పలకలేదు, తను అడిగితే "రికార్డింగ్ అందుబాటులో లేదు" అని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. మేనమామ మీద నా అభిప్రాయం కొంచెం మారింది.

అయినా అక్టోబరు 29న, దీపావళికి రెండు రోజుల ముందు, సమీక్ష ముగిస్తూ చెప్పిందేమిటంటే, ఇరుపక్షాల మధ్య వాస్తవాలపై వివాదం ఉంది, డబ్బు విషయం ఓడీఆర్‌లో, అంటే తగాదాలు ఆన్‌లైన్‌లో తీర్చే వేదికలో, తేల్చుకోండి అని. నేను బాగా నీరసపడిపోయిన రోజు అదే. సెబీ రెండో సమీక్ష కోరే అవకాశం ఇంకా ఉంది. కోరదామా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాం. చివరికి మావాడు చెప్పింది సబబనిపించింది. సెబీ బ్రోకరుకు జరిమానా వేయగలదు, రిజిస్ట్రేషన్ రద్దు చేయగలదు. నీకు ఇంత, వాడికి ఇంత అని లెక్క తేల్చి ఇప్పించడం దాని పని కాదు. మనకు కావలసింది మోకాలికి డబ్బు.

నవంబరు 6న స్మార్ట్ ఓడీఆర్‌లో వేశాం. 2023 నుంచి ఉన్న ఆన్‌లైన్ పద్ధతి ఇది. పాత రోజుల్లో అయితే ఇలాంటి వాటికి హైదరాబాద్ తిరగాల్సి వచ్చేదట. ఇప్పుడు మొదట కన్సిలియేషన్, అంటే ఒక మధ్యవర్తి ముందు మాట్లాడుకోవడం. దానికి మన దగ్గర రుసుము తీసుకోరు. అక్కడ కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే ఇరుపక్షాలనూ విని తీర్పు చెప్పడం, దానికి అడిగే మొత్తాన్ని బట్టి రుసుము కట్టాలి. స్కోర్స్‌లో పెట్టిన కాగితాలే మళ్లీ పెట్టాం. ఆ తర్వాత మూడు వారాలు ఎవరూ పలకలేదు. ఆ మూడు వారాల్లో నేను రోజుకు నాలుగుసార్లు మెయిల్ చూసేదాన్ని. మావారు మాత్రం కర్ర పట్టుకుని బజారుకు వెళ్లి వచ్చేవారు, ఒక్కసారి కూడా "ఎంతవరకు వచ్చింది" అని అడగకుండా. నవంబరు 27న మధ్యవర్తిని నియమించినట్టు కబురు వచ్చింది. అక్కడినుంచి 21 రోజుల్లో తేల్చాలి.

డిసెంబరు 5, సాయంత్రం 4 గంటలకు వీడియోలో కూర్చున్నాం. మా చెల్లెలి కొడుకు గుంటూరు నుంచి వచ్చాడు. ముందు గదిలో బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టాం. తెర మీద ఐదు గళ్లు. మధ్యవర్తి, ఉత్తరాది పెద్దాయన. ముంబై నుంచి కంపెనీ లీగల్ విభాగం అమ్మాయి, కంప్లయన్స్ అధికారి. నేను. ఇంకో గడిలో నా విద్యార్థి. మధ్యవర్తికి తెలుగు రాదు. నేను తెలుగులో చెబితే మావాడు ఇంగ్లీషులో చెప్పాలి. అవతల ఆ అబ్బాయీ ఇంగ్లీషులో చెబితే మావాడు నాకు తెలుగులో చెప్పాలి. సింగ్ నగర్‌కూ గవర్నర్‌పేటకూ మధ్య ఎంత దూరం? మేమిద్దరం మాట్లాడుకోవడానికి ముంబై మీదుగా వెళ్లి రావాల్సి వచ్చింది.

అతను నా వైపు చూడకుండా, ఖాతాదారు 2వ తేదీ ఉదయం తనకు ఫోన్ చేసి ఆర్డరు ఇచ్చిందని చెప్పాడు. మావాడు కాల్స్ పట్టిక తెర మీద పెట్టాడు. ఎర్ర గీత చుట్టిన ఖాళీ. లీగల్ అమ్మాయి వెంటనే "ఇంకెవరి ఫోన్ నుంచైనా చేసి ఉండవచ్చు" అంది. నా నోట మాట రాలేదు. కొద్దిసేపు అందరూ ఊరుకున్నారు. అప్పుడు మధ్యవర్తి కళ్లద్దాలు సవరించుకుని, "అమ్మగారి వెనక గోడ మీద ఆ గీత ఏమిటి?" అని అడిగారు.

వెనక్కి తిరిగి చూశాను. అప్పటికింకా సున్నం వేయించలేదు. నిలబడితే నా తల కన్నా పైన, గోడ చుట్టూ గోధుమ రంగులో ఒక గీత. దాని కింద గోడంతా మచ్చలు. రోజూ చూసి చూసి మేం దాన్ని చూడడం మానేశాం. "అది నీళ్లు నిలిచిన మట్టం సర్" అన్నాడు మావాడు. మధ్యవర్తి కాసేపు దాన్నే చూశారు. తెర మీద ఆ అబ్బాయి గడి నల్లబడింది. నెట్ పోయిందని తర్వాత చెప్పాడు.

ఆ రోజు కంపెనీ మొదటి మాట, సానుభూతితో 40,000 ఇస్తాం అని. వద్దన్నాను. ఆథరైజ్డ్ పర్సన్ చేసినదాంతో తమకు నేరుగా సంబంధం లేదని కూడా అన్నారు. మధ్యవర్తి అది మాత్రం ఒప్పుకోలేదు. అతను చేసినా చేయకపోయినా బాధ్యత సభ్యుడైన బ్రోకరుదే, నిబంధన అదే అన్నారు. మొదట్లో చెప్పాను కదా పేరు సంగతి, అది ఇదే. అతని చిన్న గదికి ఆస్తులు లేకపోవచ్చు, ఆ బోర్డు మీద పేరున్న కంపెనీకి ఉన్నాయి.

13వ తేదీ రెండోసారి కూర్చున్నాం. 2, 3, 4 తేదీల నష్టం 1,87,550, ఐదు రోజుల బ్రోకరేజీ, పన్నులు 29,850, కలిపి 2,17,400 ఇస్తామన్నారు. 5, 6 తేదీల 75,950 ఇవ్వమన్నారు. ఆ రెండు రోజులు ఆమె ఫోను పనిచేస్తోంది, సందేశాలు చేరాయి అని. ఆర్బిట్రేషన్‌కు వెళ్తే అదీ రావచ్చు, ఆధారం చూపాల్సింది వాళ్లే కదా అని మావాడి వాదన. వాడిది ఇరవై మూడేళ్ల రక్తం. నేను మావారి వైపు చూశాను. ఆయన గోడకు ఆనుకుని, కాలు చాపి, పేపరు చదువుతున్నట్టు కూర్చున్నారు. పేజీ తిప్పి చాలాసేపయింది. సరే అన్నాను. తప్పు చేశానని ఇప్పటికీ మావాడు అంటాడు, కావచ్చు.

ఒప్పందం మీద సంతకం ఆన్‌లైన్‌లోనే, ఓటీపీతో. ఈసారి ఆరు పేజీలూ చదివాను. మూడో పేజీలో నా ఇంటి నంబరు తప్పుంటే దిద్దించాను. డిసెంబరు 26న డబ్బు పడింది. మొత్తం ఖర్చు జిరాక్సులు, ఆటోలు, గుంటూరు రైలు, ఆ 50 రూపాయలు కలిపి 1,860. ఆపరేషన్ జనవరిలో సంక్రాంతి వెళ్లాక అయింది.

గవర్నర్‌పేటలో ఆ బోర్డు తీసేశారు. ఎక్స్ఛేంజీ చర్య తీసుకుందో, అతనే మానుకున్నాడో అడగలేదు. నూతన సంవత్సరం రోజు అతని నంబరు నుంచి ఒక ఫోన్ వచ్చింది. మోగి మోగి ఆగిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను.

ఫిబ్రవరిలో మిగిలిన షేర్లు వేరేచోటికి మార్చుకుని ఆ ఖాతా మూసేయడానికి కంపెనీ శాఖకు వెళ్లాను. కౌంటర్లో కొత్త కుర్రాడు ఫారం ఇచ్చి, "టిక్కులు పెట్టాను మేడమ్, అక్కడ సంతకం చేస్తే చాలు" అన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మెయిల్ చిరునామా గడిలో నా అసలు చిరునామా రాశాను. ఖాతా మూసివేతకు కారణం అన్న గడి ఖాళీగా ఉంటే తీసుకోరట. కాసేపు ఆలోచించి "ఇష్టం లేదు" అని రాశాను. తీసుకున్నారు.